గుప్పెడు గూడు

ఆ భవనంలో అందరికీ ఆయన బాబాయే. ఇరవై ఏడేళ్ళ పరిశోధక విద్యార్థినికీ బాబాయే, ఆయనకంటే రెండేళ్ళు పెద్దవాడైన వెటర్నరీ డాక్టరుకూ బాబాయే. "లెక్కకు మీరే నాకు అన్నయ్య అవుతారు సార్" అని ఒకసారి అంటే డాక్టరు తల కూడా ఎత్తలేదు. "వరసలు ఇంటి దగ్గర చూసుకుందాం బాబాయ్, ముందు మూడో గదిలో తేమ ఎందుకు పెరిగిందో చూడు" అన్నాడు.

ఇంటి దగ్గర వరస వేరు. అక్కడ భార్య తమ్ముళ్ళకు ఆయన ఎలుకల బావ.

పరిశోధనా సంస్థ జంతుశాలలో ఎలుకలను చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అంతకుముందు కోడిపిల్లలను పొదిగించే కేంద్రంలో చేశాడు. అక్కడ రోజుకు వేల గుడ్లు చేతిలోంచి పోయేవి, ఒక్కటీ గుర్తుండేది కాదు. ఇక్కడ ఒక్కో ప్లాస్టిక్ పెట్టెలో నాలుగే ఎలుకలు. పెట్టెకు ముందు ఒక కార్డు, దాని మీద పుట్టిన తేదీ, తినే మేత, జరిగే ప్రయోగం. చేరిన మొదటి రోజే ఆ కార్డులు చదవడంలో పడి భోజనానికి వెళ్ళడం మర్చిపోయాడు.

పని నేర్పినవాడు అప్పట్లో అక్కడున్న పెద్దాయన. ఆయన చెప్పినవి మూడే. తోకను మొదట్లో పట్టుకో, చివర పట్టుకుంటే తోలు ఊడి చేతికొస్తుంది. పెట్టె మార్చేటప్పుడు ముందు కార్డు మార్చు, తర్వాత ఎలుకలను మార్చు. ఎలుకను చూసేముందు గూడు చూడు.

మూడోది బాబాయ్‌కి అర్థం కావడానికి ఏడాది పట్టింది. మంగళవారం పెట్టెలు మార్చినప్పుడు కొత్త రంపపు పొట్టు మీద గుప్పెడు కాగితపు పీచు వేస్తారు. ఒంట్లో బాగున్న ఎలుక దాన్ని పళ్ళతో చీల్చి, మెలితిప్పి, తెల్లారేసరికి గిన్నెలాంటి గూడు కడుతుంది. ఇంకా హుషారైనదైతే పైకప్పు కూడా వేస్తుంది. నలతగా ఉన్నది పీచును ముట్టుకోదు, మూల చేరి ముడుచుకుంటుంది. బరువు తగ్గకముందే, బొచ్చు రేగకముందే గూడు ఆ సంగతి చెప్పేస్తుంది.

గూడు కట్టని పెట్టె కనిపిస్తే పెద్దాయన ఊరుకునేవాడు కాదు. బాగా కట్టే పెట్టెలోంచి గుప్పెడు గూడు తీసి ఇందులో పెట్టేవాడు. "ఎవడో ఒకడు పునాది వేస్తే, మిగతాది అవే లాక్కొస్తాయి" అనేవాడు. నిజంగానే మర్నాటికి ఆ నాలుగూ అరువు గూట్లో దూరి వెచ్చగా పడుకునేవి. పెద్దాయన రిటైరయ్యాక ఆ గుప్పెడు బాబాయ్ చేతికొచ్చింది.

మధ్యలో ఒక రూలు వచ్చింది. ఒక పెట్టెలోది మరో పెట్టెలోకి ఏదీ పోకూడదు. అంటురోగాలు పాకుతాయని. బాబాయ్ దాన్ని పొట్టు విషయంలో, మేత విషయంలో, నీళ్ళ సీసాల విషయంలో తు.చ. తప్పకుండా పాటించాడు. గూడు మాత్రం ఆయన లెక్కలో వాటి కింద రాలేదు. ఇల్లు లేనివాళ్ళకు ఇల్లు చూపించడం వేరు, రోగం అంటించడం వేరు అనుకున్నాడు. ఎవరికీ చెప్పనూ లేదు. ఎవరూ అడగలేదు కూడా.

అయితే ఏ పెట్టెకు అరువు గూడు ఇచ్చాడో గుర్తు పెట్టుకునేవాడు. బట్టలు మార్చుకునే గదిలో తన అల్మరా తలుపుకు లోపలి వైపు తెల్ల టేపు అంటించి, మంగళవారానికి ఒక గడి చొప్పున గీసి, పెట్టె నంబరు పక్కన పెన్సిలుతో చిన్న సున్నా చుట్టేవాడు. ఏ పెట్టెకు ఒళ్ళు బాగాలేదో ఒక్క చూపులో తెలియడానికి. ప్రయోగం అయిపోగానే టేపు పీకి చెత్తబుట్టలో వేసేవాడు.

ఈసారి ప్రయోగం కాలేయానిది. పన్నెండు పెట్టెలు, నలభై ఎనిమిది మగ ఎలుకలు, పదహారు వారాలు కొవ్వు మేత. ఆ మేత బిళ్ళలు చేతికి జిడ్డుగా తగిలేవి, వెన్న వాసన వేసేవి. ఆరు పెట్టెలకు నీలం కార్డు, ఆరింటికి పసుపు కార్డు. ఒక రంగు వాటికి నీళ్ళలో కొత్త మందు, రెండో రంగు వాటికి ఉత్త నీళ్ళు. ఏది ఏదో బాబాయ్‌కి చెప్పలేదు. ఆ ప్రయోగం నడిపించే ప్రొఫెసరు ఆ వివరాన్ని కవరులో పెట్టి అంటించేశాడు.

"నాక్కూడా తెలీదు బాబాయ్" అంది పరిశోధక విద్యార్థిని. "చూసుకునేవాళ్ళకి తెలిస్తే చెయ్యి తెలీకుండానే ఒక వైపు మొగ్గుతుందట."

"నా చెయ్యి ఎటూ మొగ్గదు డాక్టరమ్మా."

"ఇంకా డాక్టర్‌ని కాలేదు."

"అయ్యాక పిలిస్తే గొప్పేముంది? అప్పుడు అందరూ పిలుస్తారు."

ఆమె మూడేళ్ళుగా ఆ మందు మీదే పనిచేస్తోంది. ఈ పదహారు వారాలు అయిపోతే సిద్ధాంత గ్రంథం రాసి ఇవ్వడమే మిగిలింది. రెండు రోజులకోసారి వచ్చి ఎలుకల బరువు చూసేది. చేతికి ఎలుక అలవాటైన మనిషి. బాబాయ్‌కి ఆమె నచ్చడానికి అదొక కారణం. ఇంకో కారణం, ఏది అడిగినా జవాబు చెప్పేది.

ఆ రోజుల్లో బాబాయ్‌కి కాలేయం గురించి అడగాల్సినవి చాలా ఉండేవి. ఆయన భార్య ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కడుపులో బరువుగా ఉందని స్కానింగు తీయిస్తే కాలేయంలో కొవ్వు చేరిందని రాశారు. అప్పటి నుంచి ఆ కాగితం మిషను సొరుగులో ఉంది, ఆ సొరుగు తెరిచినప్పుడల్లా ఆమెకు కోపం వస్తుంది.

"తాగుతానా? తిరుగుతానా? మీరు తిన్నదే తింటాను, అదీ మీరు తిన్నాక. మరి కొవ్వు నాకెందుకు?"

"మీ తమ్ముణ్ణి అడుగు."

"వాడి పేరెత్తకండి. రాయి తిన్నా అరిగించుకుంటాడు, సీసా పక్కన లేకుండా పడుకోడు. వాడి స్కానింగు చూశారా, అద్దంలా ఉందట. ఇంకా నాకు జాగ్రత్తలు చెబుతున్నాడు."

బాబాయ్ ఆ మాట పట్టుకుని మర్నాడు విద్యార్థినిని అడిగాడు. ఒకే వంట, ఒకే గిన్నె. ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడం ఏమిటి?

"ఆ సంగతి తేల్చగలిగితే నా బొమ్మేసి గోడకి తగిలిస్తారు బాబాయ్. పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులుంటాయి. ఒక్కొక్కరికి ఒక్కో మంద. అన్నం ఒకటే అయినా దాన్ని అవి ఏం చేస్తాయన్నది వేరు. అది కాలేయానికి వెళ్తుంది. ఇంతవరకే తెలుసు."

"మంద మార్చుకోవచ్చా?"

"ఎలుకలు మార్చుకుంటాయి. ఒకదాని పెంటికలు ఇంకోటి తింటాయిగా."

"ఛీ" అంది భార్య, ఆయన ఇంటికొచ్చి చెబితే. "మీ ఆఫీసు మాటలు భోజనం దగ్గర వద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

పదహారు వారాలూ అయ్యాయి. ఆఖరి రోజు పెట్టెలను ట్రాలీ మీద, కాలేయాలు తీసే పక్క గది దాకా తోసుకెళ్ళడం బాబాయ్ పని. ఆ గదిలోకి ఆయన వెళ్ళడు. తలుపు దగ్గర పెట్టెలు అప్పగించి, ఖాళీవి తిరిగొచ్చేదాకా బయట బల్ల మీద కూర్చుంటాడు. వచ్చినవాటిని ఎవరికీ ఇవ్వకుండా ఆ రోజే తన చేత్తో కడుగుతాడు.

పది రోజుల తర్వాత ప్రొఫెసరు కవరు తెరిచాడు. మందు ఇచ్చింది నీలం కార్డులకు. విద్యార్థిని కాలేయాల ఫోటోలు తీసి, ఒక్కో పెట్టెకు ఒక్కో వరుసగా అట్ట మీద అంటించి బాబాయ్‌కి చూపించింది. నీలం వరుసల్లో ముదురు ఎరుపు, నున్నగా. పసుపు వరుసల్లో వాచిపోయి, వెన్న పూసినట్టు పాలిపోయి.

"పని చేసింది డాక్టరమ్మా!"

"చేసింది. కానీ ఈ రెండూ చూడండి."

నాలుగో పెట్టె నీలం. అందులో నాలుగు కాలేయాలూ పాలిపోయి ఉన్నాయి. పదకొండో పెట్టె పసుపు. అందులో నాలుగూ ఎర్రగా ఉన్నాయి. మిగతా పదిలో ఒక్క తేడా లేదు.

ఆమె మాటలు కూడదీసుకుంది. "బాబాయ్, ఒకటి అడుగుతా, కోప్పడకూడదు."

"కోపం వచ్చే మాటైతే ఇప్పుడే అడుగు. మాస్కు ఉంది, నీకు కనిపించదు."

"ఎప్పుడైనా, ఏ మంగళవారమైనా, నాలుగు కార్డూ పదకొండు కార్డూ అటూ ఇటూ అయ్యాయా?"

ఆయన ట్రాలీ మీది ఖాళీ సీసాలను మూతలు కిందికి వచ్చేలా ఒక్కొక్కటీ తిప్పి పెట్టాడు. పన్నెండూ అయ్యాక అన్నాడు. "ముందు కార్డు, తర్వాత ఎలుక. ఇరవై రెండేళ్ళు."

"నాకు తెలుసు."

"తెలిసే అడిగావు."

మధ్యాహ్నం వెటర్నరీ డాక్టరు పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఏ సంగతైనా కాగితం మీదికి వస్తే గానీ ఆయనకు నిద్ర పట్టదు, అంతే. బల్ల మీద తెల్ల కాగితం, దాని మీద అడ్డంగా పెన్ను పెట్టి ఉంచాడు.

"కూర్చో బాబాయ్. ప్రొఫెసరు గారు ఒక మాటన్నారు. పన్నెండో వారంలో నీకు జ్వరం కదా? ఆ ఒంటితోనే వచ్చి పెట్టెలు మార్చావు. మనిషన్నాక పొరపాటు జరుగుతుంది. 'ఆ రోజు రెండు కార్డులు మారి ఉండవచ్చు' అని రెండు ముక్కలు రాసిస్తే, వాళ్ళు సరిచేసుకుంటారు. ఆరుకి ఆరు, ఆరుకి ఆరు. నిన్నెవరూ ఏమీ అనరు. నేను మందలించినట్టు ఓ కాగితం పెడతాను, నీ ఫైల్లో పడుంటుంది."

"మారలేదు సార్."

"ఉండవచ్చు అంటున్నాను. మారాయని రాయమనడం లేదు."

"ఉండకపోవచ్చు కూడా రాయొచ్చా?"

డాక్టరు నవ్వాడు. "ఇంటికెళ్ళి ఆలోచించు. రేపు పొద్దునకు చాలు. ఆ పిల్లకి రెండు నెలల్లో గడువు బాబాయ్."

బాబాయ్ బట్టలు మార్చుకునే గదికి వచ్చి అల్మరా తెరిచాడు. తలుపు లోపల టేపు ఇంకా ఉంది. ప్రయోగం అయిపోయి పది రోజులైనా పీకలేదు. గోటితో అంచు లేపి లాగాడు. టేపు చిరచిరమంటూ ఊడొచ్చింది. ఉండ చుట్టబోతూ ఆగాడు.

పదకొండు పక్కన సున్నాలు. ఒకటి కాదు, తొమ్మిది. ఆ పెట్టెలో ఒక పోకిరి ఎలుక ఉండేది. మిగతా మూడూ గూడు కట్టడం, అది చీల్చి పారేయడం. అందుకే అరువు గూడు ఇస్తూ వచ్చాడు. నాలుగు పక్కన ఒక్క సున్నా లేదు. నాలుగో పెట్టె వాళ్ళు మొదటి వారం నుంచీ తమ గూడు తామే కట్టుకున్నారు.

బల్ల మీద టేపు పరిచాడు. ఒకటి, మూడు, ఏడు, ఎనిమిది, పన్నెండు. సున్నాలే సున్నాలు. అన్నీ నీలం. ఆ నీలం పెట్టెల వాళ్ళు నీళ్ళు తక్కువ తాగేవారు, మందు చేదేమో, మందకొడిగా మూల చేరేవారు, పీచు ముట్టుకునేవారు కాదు. చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాడు? ఇక రెండు, అయిదు, ఆరు, తొమ్మిది, పది పసుపువి. చక్కగా గూళ్ళు కట్టుకున్నాయి. సున్నా లేదు.

సున్నా ఉన్న ప్రతి పెట్టెలోనూ కాలేయం ఎర్రగా ఉంది. సున్నా లేని ప్రతి పెట్టెలోనూ పాలిపోయింది. రంగు కార్డులు తప్పాయి గానీ సున్నాలు ఒక్కచోట కూడా తప్పలేదు.

అరువిచ్చిన గూళ్ళన్నీ ఒక్క పెట్టెలోవే. గదిలో కింది అరలో, ఈనడం మానేసిన మూడు ముసలి ఆడ ఎలుకలు, మామూలు మేత తినేవి. కట్టిన గూటికి గుమ్మటం లేకపోతే వాటికి తోచదు. బాబాయ్ వాటికి మేస్త్రులని పేరు పెట్టాడు. మేస్త్రుల గూడు గుప్పిట పట్టి తీస్తే పీచుతో పాటు పొట్టూ వస్తుంది, పొట్టుతో పాటు పెంటికలూ వస్తాయి. ఎలుకలు వాటిని ఏం చేస్తాయో ఆయనకు తెలుసు. భోజనం దగ్గర చెప్పి తిట్లు కూడా తిన్నాడు.

ఆయనకు కాపలా పెట్టె గుర్తొచ్చింది. ప్రతి గదిలోనూ ఒకటి ఉంటుంది. ప్రతి మంగళవారం అన్ని పెట్టెల్లోంచి చెంచాడు మురికి పొట్టు తీసి అందులో వేయాలి. మూడు నెలలకోసారి ఆ కాపలా ఎలుకల రక్తం చూస్తారు. గదిలో ఎక్కడ ఏ రోగమున్నా పొట్టు దారిన వాటికి చేరుతుంది, దొరికిపోతుంది. తన చేత్తోనే ఇన్నేళ్ళూ ఆ చెంచా వేస్తున్నాడు. రోగం నడిచే దారి అదని తెలుసు. ఆ దారిన రోగం ఒక్కటే నడుస్తుందని ఎందుకనుకున్నాడు?

భయం తర్వాత వేసింది. ముందు కలిగింది ఆశ్చర్యం. దాన్ని ఎవరికైనా చెప్పాలని నోరు దురద పెట్టింది. చెప్పాల్సిన మనిషి ఆ విద్యార్థిని ఒక్కతే అని తోచాక, టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య చేతి కుట్టు వేస్తోంది.

"ఏమైందండీ, మొహం అలా ఉంది? మాస్కు ఇంట్లోకే పెట్టుకొచ్చినట్టు."

చెప్పాడు. కార్డుల సంగతి, కాగితం సంగతి. టేపు సంగతి ఇంకా చెప్పలేదు.

"అయితే రాసిచ్చేయండి. మన పెళ్ళినాటి ఫోటోలు బస్సులో మర్చిపోయింది నేనే అని పాతికేళ్ళుగా నన్ను ఒప్పిస్తున్నారు. చెయ్యని తప్పు నేను ఒప్పుకోగా లేనిది, మీరొకటి ఒప్పుకుంటే ఏం?"

"అది నువ్వే మర్చిపోయావు."

"సరే నేనే." దారం పళ్ళతో తెంపింది. "ఆ మందు బాగా పనిచేసిందన్నమాట. బజార్లోకి ఎప్పుడొస్తుందట?"

"చాలా ఏళ్ళు పడుతుంది."

"వస్తే ముందు నాకు చెప్పండి. ఇంట్లోవాళ్ళకి తగ్గించి ఇస్తారేమో."

ఆయన చెప్పు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు. ఆమె మామూలుగానే అడిగింది. సొరుగులోని కాగితాన్ని అటు జరిపి సూదుల డబ్బా తీసుకుంది.

"నాకు నువ్వు అడిగినదే అర్థం కాలేదు ఇన్నాళ్ళూ" అన్నాడు. "ఒకే మేత, ఒకే గది. ఒకదానికి వచ్చి ఇంకోదానికి రాలేదు. అది మందు వల్ల కాదేమో."

"మరి?"

"నా వల్లేమో."

అప్పుడు టేపు జేబులోంచి తీసి మిషను బల్ల మీద పరిచాడు. ఆమె కళ్ళజోడు సరిచేసుకుని సున్నాలను పైనుంచి కిందికి చదివింది, గుండీల వరుస చూసినట్టు. అర్థమయ్యాక, అర్థమైందని చెప్పకుండా, సొరుగులోంచి తెల్ల కాగితం తీసి, "అలా మడతలు పడనీకండి, దీని మీద అంటించుకెళ్ళండి" అంది.

మర్నాడు విద్యార్థిని తూకం గదిలో ఉంది. కాగితం ఆమె ముందు పెట్టాడు.

"ఈ సున్నాలేంటి?"

"గూళ్ళు."

చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. మేస్త్రుల పేరు వచ్చినప్పుడు ఆమె కొంచెం నవ్వింది కూడా. తర్వాత ఫోటోల అట్ట తీసుకొచ్చి కాగితం పక్కన పెట్టుకుంది. వేలితో ఒక్కో నంబరు దగ్గర ఆగింది. పన్నెండో దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది.

"ఎందుకు చేశారు బాబాయ్?"

"చలికి వణుకుతున్నాయమ్మా."

"వణకనివ్వాలి!" ఆమె కాగితం పక్కకు తోసింది. "వణుకుతుంటే వణుకుతున్నాయని వచ్చి నాకు చెప్పాలి! ఆ మందు పడక అవి గూడు కట్టలేదు. అది చెడు లక్షణం. నేను రాసుకోవాల్సింది అదే. మీరు రాత్రికి రాత్రి గూడు పెట్టేసి, పొద్దున నేనొచ్చేసరికి అన్నీ వెచ్చగా పడుకుని ఉంటే, నేనేం చూస్తాను? అవి నాతో చెప్పాల్సిన మాట మీరు చెప్పనివ్వలేదు."

ఇది ఆయనకు తట్టలేదు. గూడు కాలేయాన్ని మార్చిందన్నంతవరకే వచ్చాడు. ఎలుకను చూసేముందు గూడు చూడమని నేర్చుకున్నవాడు, ఆ గూడును ఇంకెవరూ చూడకుండా కప్పేశాడు.

"ఇంతకుముందు ప్రయోగాల్లో కూడా?"

"కూడా."

"ఆ టేపులు?"

"పారేశాను."

ఆమె కుర్చీలో కూర్చుంది. "రాత్రంతా మీరు కార్డులు మారాయని రాసిస్తే బాగుండు అనుకుంటూ పడుకున్నాను. మారవని తెలుసు. అయినా అనుకున్నాను" అంది. లేచి, అట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

వెటర్నరీ డాక్టరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తన తెల్ల కాగితాన్ని సొరుగులో పెట్టేశాడు. "నేనడిగింది ఒకటి, నువ్విచ్చింది ఒకటి" అన్నాడు. గత అయిదేళ్ళలో ఆ గదుల్లో ప్రయోగాలు చేసిన తొమ్మిది బృందాలకు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. బాబాయ్‌ని రెండు నెలలు ఎలుకల గదుల్లోకి రావద్దని, పెట్టెలు కడిగే గదిలో పనిచేయమని ఉత్తర్వు ఇచ్చాడు. విద్యార్థిని గడువు ఏడాది వాయిదా పడింది.

కడిగే గది ఆవిరితో మసకగా ఉంటుంది. పెట్టెలు మురికిగా ఒక వైపు నుంచి వస్తాయి, శుభ్రంగా ఇంకో వైపు వెళ్తాయి. ఎలుక మాత్రం కనిపించదు. బాబాయ్ పెట్టె గోకేముందు అందులో మిగిలిన గూడును చూడటం మానలేకపోయాడు. ఇది గుమ్మటం. ఇది పళ్ళెం. ఇది ముట్టుకోనే లేదు, ఎవరో ఒంట్లో బాగాలేని నలుగురు. నంబరు చీటీ మీద రాసి సాయంత్రం డాక్టరు బల్ల మీద పెట్టేవాడు. "ఇదేంటి?" అని మొదటి రోజు అడిగాడు డాక్టరు. "గూడు కట్టని పెట్టెలు సార్. చెప్పాలట." కాగితం కాబట్టి డాక్టరు దాన్ని ఫైల్లో పెట్టాడు.

ఇంకో కాగితం కూడా ఇచ్చాడు. వయసు మీరి తీసేయాల్సిన ఎలుకల జాబితాలో మేస్త్రుల పెట్టె ఉందని తెలిసి, దాన్ని ఉంచవలసిందిగా అర్జీ రాశాడు. కారణం అన్నచోట 'ఇంకా తెలియవలసినది ఉన్నది' అని రాశాడు.

పందొమ్మిది రోజులు విద్యార్థిని అటు రాలేదు. ఇరవయ్యో రోజు కడిగే గది కిటికీ అద్దం మీద వేలితో కొట్టింది. బాబాయ్ చేతులు తుడుచుకుని వచ్చాడు.

"మేస్త్రుల్ని తీసేశారా?" ఇంకే పలకరింపూ లేదు.

"లేదు. అర్జీ పెట్టాను. అర్జీ ఉంది కాబట్టి సారు తీయలేదు."

ఆమె ఊపిరి వదిలింది. కళ్ళ కింద నల్లగా ఉంది, కానీ చేతిలో నోటు పుస్తకం ఉంది, అందులో పెన్ను ఉంది.

"ఒక్క పెట్టె పట్టుకుని ఏమీ చెప్పలేం బాబాయ్. పదకొండు ఒక్కటే కదా, మందు లేకుండా గూడుతో బాగున్నది. పోకిరి ఎలుక వల్లే అయ్యుండొచ్చు, ఊరికే జరిగి ఉండొచ్చు. మళ్ళీ చెయ్యాలి. ఈసారి కావాలని. ప్రొఫెసర్ గారు రెండు వారాల పాటు కాదన్నారు, నిన్న ఒప్పుకున్నారు."

"మందు?"

"మందు లేదు. గూడు ఒక్కటే." నోటు పుస్తకం తెరిచింది. "గుప్పెడు అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు. మీ గుప్పెడంటే ఎంత?"

తూకం గదిలో పళ్ళెం నిండా పీచూ పొట్టూ పోసింది. బాబాయ్ కొత్త గ్లౌజులు వేసుకుని గుప్పిట పట్టి తక్కెడ మీద వదిలాడు. నాలుగు గ్రాముల పైన కొంచెం. మళ్ళీ పట్టాడు. నాలుగుకు కొంచెం తక్కువ. పదిసార్లు పట్టించింది. పదీ నాలుగుకు అటూ ఇటూనే తిరిగాయి.

"మీ చెయ్యి నిజంగానే ఎటూ మొగ్గదు" అంది. ఆయన మొహం చూడకుండా రాసుకుంటూ అంది. మొదటిసారి ఆయనకు గుండె కుదుటపడింది.

"రెండు గుంపులు" అని గీసింది. "ఒకదానికి మేస్త్రుల గూడు, ఇంకోదానికి కొత్త పీచు."

బాబాయ్ తక్కెడ మీది కుప్పను చూస్తున్నాడు. "డాక్టరమ్మా, మూడోది ఉండాలేమో."

"ఏం మూడోది?"

"వెచ్చదనం వల్లా, పెంటికల వల్లా అన్నది ఎలా తెలుస్తుంది? మేస్త్రుల గూడే, కానీ పెంటికలన్నీ ఏరేసి."

ఆమె పెన్ను ఆగింది. "వాసన అంటుకుని ఉంటుంది. ఆవిరి పట్టించాలి, అప్పుడు జీవులు చస్తాయి, గూడు గూడుగానే ఉంటుంది." మాట సగంలో ఉండగానే పేజీ తిప్పి, మూడు గళ్ళు గీసింది. కాసేపయ్యాక, "ఏరినా పొట్టులో కొన్ని మిగులుతాయి. ముందు ఒక గుప్పెట్లో ఎన్నుంటాయో చూడాలి" అంది.

చిన్న పట్టకారు ఇచ్చింది. కిందికి వెళ్ళి మేస్త్రుల పెట్టెలోంచి నాలుగు గ్రాములు తూచి తీసుకొచ్చింది. ఆయన గదిలోకి రాకూడదు కాబట్టి.

బాబాయ్ కిటికీ పక్క వెలుతురులో కూర్చుని పీచు ఒక్కో పోగూ విడదీశాడు. ఏరిన ప్రతి గింజనూ తెల్ల కాగితం మీద పదేసి వరుసలుగా పేర్చాడు. గూడు లోపలి వైపు పీచు వెంట్రుకంత సన్నగా చీల్చి ఉంది, బయటి వైపు మొరటుగా ఉంది. ఇన్నేళ్ళూ పట్టి పెట్టడమే గానీ లోపల ఏముందో ఎప్పుడూ విప్పి చూడలేదు.

"ఎన్ని?" అంది ఆమె, పెన్ను పట్టుకుని.

"ఉండు. ఇంకా పైకప్పు విప్పలేదు."